పట్టపగలు పడుకునే గది

మా తోటికోడలు పని ముగించుకుని ఇంటికొచ్చే వేళకి ఊరంతా పనికి బయల్దేరుతుంది. బేకరీలో బట్టీ దగ్గర పని ఆవిడది. పొద్దున్నే టీలో ముంచుకోవడానికి అందరికీ మెత్తటి రొట్టె కావాలి గాని, దాని కోసం ఎవరో ఒకరు రాత్రంతా మేలుకోవాలన్న సంగతి ఎవరికీ పట్టదు. మా ఇంట్లోవాళ్లకైతే మరీ పట్టేది కాదు.

నేను ఆ ఇంటి పెద్దకోడల్ని. ఆవిడ నా మరిది భార్య. తోటికోడళ్లు జుట్లు పట్టుకోవాలని ఎవరు రాసిపెట్టారో తెలీదు గాని, మా ఇద్దరికీ మొదటినుంచీ పడింది. అది నా మంచితనం వల్ల కాదు. నాకు ముక్కు మీద కోపం, ఎవరితోనూ పడదు. ఆవిడకి నా కోపం చూస్తే నవ్వొస్తుంది. "నువ్వు అరుస్తుంటే బట్టీ తలుపు తీసినట్టుంటుందక్కా, చలికాలం హాయి" అంటుంది. అలాంటిదానితో ఎంతసేపని పోట్లాడతాం?

వీధిలో ఆవిడని రొట్టెలావిడ అంటారు. మనిషి పొట్టి, చేతులు మాత్రం వస్తాదువి. కనుబొమల్లో ఎప్పుడూ కాస్త పిండి ఉంటుంది. ముంజేతుల మీద వేడి ట్రేల అంచులు తగిలి కాలిన గీతలు. మొదట రొట్టెలకి కాగితం చుట్టే పనిలో చేరింది. అక్కణ్ణుంచి పిండి తూచి ముక్కలు కోసే బల్ల దగ్గరికి, తర్వాత అచ్చుల దగ్గరికి, చివరికి బట్టీ దగ్గరికి, ఎవరూ పిలవకుండానే జరుగుతూ జరుగుతూ వచ్చింది. బట్టీ చూసుకునే పెద్ద మాస్టరుకి మోకాళ్లు అరిగిపోయాయి, నెలాఖరుకి మానేస్తానంటున్నాడు. ఆయన జాగా తనకి రావాలని ఈవిడ గంపెడాశ పెట్టుకుంది. తింటున్నా అదే ధ్యాస, బట్టలు ఆరేస్తున్నా అదే ధ్యాస.

"ఎవరో తియ్యమంటే ట్రే తియ్యడం కాదక్కా. ఎప్పుడు తియ్యాలో నేను చెప్పాలి, వాళ్లు తియ్యాలి" అనేది.

ఒక్కటే అడ్డం. ఆవిడకి నిద్ర లేదు.

వాళ్ల గది ఇంటికి వెనకవైపు. కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. ఆ గోడకి ఈమధ్యే తెల్లగా సున్నం కొట్టించారు. పొద్దెక్కేసరికి ఎండ దాని మీద పడి నేరుగా మా కిటికీలోకి దూకుతుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే వెలుతురు. మందపాటి కర్టెన్లు కట్టాం, అంచుల్లోంచి వచ్చే ఆ కాస్తే చాలు, గదంతా పాకుతుంది. కళ్లకి గుడ్డ కట్టుకుని చూసింది. చెమటకి చిరచిరలాడి, ఇటు తిరిగేసరికి అటు జారిపోయేది. మా ఇంట్లో చప్పుడుకి కూడా కొదవలేదు. మా అత్తగారు ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లకి ఫోను అక్కర్లేదు. కానీ మా తోటికోడలి బాధ అది కాదు.

"చప్పుడుకేంలే. పిండి కలిపే మిషను పక్కన నిలబడే కునుకు తీస్తాను నేను. వెలుతురే నా శత్రువు" అనేది.

ఇక నా మరిది సంగతి. అతను రంగుల షాపులో పని చేస్తాడు. వచ్చినవాళ్లకి షేడు కార్డులు చూపించి, వాళ్లు ఎంచుకున్నది మిషన్లో కలిపి ఇచ్చేది అతనే. పడకగది రంగుల్లో తనని మించినవాడు లేడని అతని నమ్మకం. "పడకగదిలోకి రాగానే మనసు నెమ్మదించాలండీ. లేత నీలం, లేత ఆకుపచ్చ, వెన్న రంగు. కంటికి హాయి, ఒంటికి నిద్ర" అని పాఠం అప్పజెప్పినట్టు చెబుతాడు. చెడ్డవాడు కాదు, భార్యంటే ప్రాణం. ఆవిడకి నిద్ర పట్టట్లేదని తెలిసి, ఒక సెలవు రోజున షాపులో అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోయే లేత నీలం తెచ్చి నాలుగు గోడలకీ తనే స్వయంగా వేశాడు. అంతకు ముందు ఆ గోడలకి ఏనాటిదో మట్టిరంగు, మాసిపోయి ఉండేది. ఇప్పుడు గది తళతళలాడిపోయింది.

"ఎలా ఉంది? ఆకాశంలో పడుకున్నట్టు లేదూ?" అన్నాడు మురిసిపోతూ.

"ఉంది. మిట్టమధ్యాహ్నం ఆకాశంలో ఎవరు పడుకుంటారండీ?" అంది ఈవిడ.

అతని మొహం చిన్నబోయింది. ఆవిడ గబుక్కున నవ్వేసి, బావుందిలెండి, ఊరికే అన్నానంది. అలా అన్నాక ఇక నోరెత్తడానికి లేకపోయింది. ఆ పాత మట్టిరంగు ఎంతో కొంత వెలుతురుని తనలోకి లాక్కునేది. ఈ నీలం వచ్చింది వచ్చినట్టే వెనక్కి కొట్టింది. ఆవిడ ఇటు పొర్లితే ఈ గోడ, అటు పొర్లితే ఆ గోడ. నిద్రలేని మనిషి మొహం ఎలా ఉంటుందో నేను ఆ రోజుల్లో దగ్గరగా చూశాను. వంటింట్లో గరిటె చేత్తో పట్టుకుని ఎందుకు పట్టుకుందో మర్చిపోయి నిలబడేది.

ఒక పొద్దున ఎప్పటికన్నా బాగా ఆలస్యంగా వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో స్టూలు మీద కూలబడింది.

"ఉప్పు మర్చిపోయానక్కా."

"ఎందులో?"

"మొత్తం పిండిలో. కలిపేవాడు రాకపోతే నేనే కలిపాను."

రొట్టె పిండిలో ఉప్పు రుచి కోసమే అనుకునేదాన్ని నేను. కాదట. ఉప్పు లేకపోతే పిండికి పట్టపగ్గాలుండవట. ఆ రాత్రి అచ్చుల్లో పెట్టిన పిండి ఎప్పుడూ లేనంత ఎత్తుకి పొంగింది. పక్కవాళ్లు చూసి, ఇవాళ నీ చెయ్యి మంచిదని మెచ్చుకున్నారు కూడా. బట్టీలోంచి తీస్తే రొట్టెలు బొద్దుగా, చూడముచ్చటగా ఉన్నాయి. బండ్లు వెళ్లిపోయాక తీరిగ్గా ఒకడు ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. గడ్డి నమిలినట్టుందట. కాసేపటికే షాపులవాళ్లు బుట్టలకి బుట్టలు వెనక్కి పంపారు.

"ఉప్పు వేసినట్టు నా చేతికి గుర్తుందక్కా. పిండిలోనే లేదు" అని భోరున ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

బేకరీ యజమాని అరిచే మనిషి కాదు, అదింకా భయం. "కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నావమ్మా నువ్వు. బట్టీ దగ్గర అది ప్రమాదం. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే మాస్టరు జాగా మాట మర్చిపో, పగలు కౌంటర్లో కూచుని అమ్ముదువుగాని" అన్నాడట.

ఈ మాట ఇంట్లో తెలియగానే మా అత్తగారి మొహం వెలిగిపోయింది. "పోనీలే, అంతా మన మంచికే. పగలు పనైతే పదిమందిలా ఉండొచ్చు. అందరూ లేచే వేళకి లేవొచ్చు" అన్నారు. మా ఆయన పేపరు వెనకనుంచి ఊఁ అన్నారు. ఆయన ఏ గొడవలోనైనా ఊఁ అంటారు, ఎవరి పక్షమో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఒళ్లు కాల్చుకుని సంపాదించుకున్న పని, గల్లాపెట్టె ముందు కూచుని చిల్లర ఇవ్వడానికా?

ఇంకా దారుణం తర్వాత బయటపడింది. వారం తిరక్కుండానే ఒక పొద్దున ఆవిడ విసవిసా నడుచుకుంటూ వచ్చి నేరుగా ముందుగదిలోకి వెళ్లింది. మరిది షాపుకి వెళ్లడానికి బూట్లు వేసుకుంటున్నాడు.

"మీరు మా యజమాని దగ్గరికి వెళ్లారా?"

అతను లేసు ముడి వేస్తూ తలెత్తలేదు. "ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడు. మీ ఆయనే వచ్చి నీకు పగలు డ్యూటీ ఇమ్మని అడిగాడమ్మా, ఏమంటావు అన్నాడు. అందరి ముందూ."

"నీ మంచికే అడిగాను. అద్దంలో మొహం చూసుకున్నావా అసలు?"

"నా మంచి నన్నడిగి చెయ్యాలి."

"సరే, ఇప్పుడడుగుతున్నాను. పగలు చేరు."

"చేరను."

మా అత్తగారు అందుకున్నారు. "వాడు నీ మీద ప్రేమకొద్దీ వెళ్లాడమ్మా. నిద్రలేక చిక్కి సగమైపోయావు. ఆ పని మానేస్తే పోతుందిగా."

"పని మూలంగా కాదత్తయ్యా నాకు నిద్ర లేనిది. గోడల మూలంగా" అంది ఆవిడ.

"గోడలేం చేశాయి మధ్యలో?" అన్నాడు నా మరిది. నిజంగానే అతనికి అర్థం కాలేదు, పాపం.

"నెలాఖరు దాకా గడువడిగి వచ్చాను. ఈలోగా నేను నిద్రపోయి చూపిస్తాను. అప్పుడు కూడా పొరపాటు జరిగితే మీరు చెప్పిన చోట కూచుంటాను. మీరు మాత్రం మళ్లీ ఆ గుమ్మం తొక్కొద్దు" అని లోపలికి వెళ్లిపోయింది. అతను ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని కూచుండిపోయాడు.

ఆ రోజు ఆవిడ నిద్రపోయే ప్రయత్నమే చెయ్యలేదు. అటక మీద మరిది దాచుకున్న సగం సగం రంగు డబ్బాలన్నీ దింపమంది నన్ను. బేకరీనుంచి తెచ్చిన అట్టపెట్టెలు కోసి పలకలు చేసింది. ఒక్కో పలకకీ ఒక్కో రంగు పూసి ఎండలో ఆరబెట్టింది. నాకు విసుగొచ్చి, ఇదేం ఆటే అని అడిగాను.

"మా బేకరీకి కొత్త ట్రేలు వస్తాయి చూడక్కా, అద్దాల్లా మెరుస్తుంటాయి. వాటిలో కాలిస్తే రొట్టె అడుగు పాలిపోయి ఉంటుంది. వేడిని తోసేస్తాయవి. అందుకని ముందు నూనె రాసి ఊరికే కాల్చి కాల్చి నల్లబరుస్తాం. నల్లబడ్డ ట్రే వేడిని మింగుతుంది, అప్పుడు అడుగు ఎర్రగా వస్తుంది. వేడి సంగతి ఇన్నేళ్లుగా తెలుసు నాకు. వెలుతురు కూడా అంతేనని మొన్నటిదాకా తట్టలేదు, మట్టిబుర్ర."

మధ్యాహ్నం కర్టెను కాస్త పక్కకి లాగి, మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. నేను ఒక్కో పలకా వెలుతురు పడేలా ఆవిడ మొహం పక్కన పట్టుకోవాలి. ఆవిడ కళ్లు తెరవకుండానే ఎలా ఉందో చెప్పాలి. రంగులు చూడటానికి కళ్లు మూసుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను.

వెన్న రంగు పెట్టాను. "అమ్మో, టార్చిలైటు వేశావా?" అంది.

లేత ఆకుపచ్చ పెట్టాను. "తెలుస్తోంది. రెప్పల మీద ఎవరో కూచున్నట్టుంది."

ఇటుక రంగు పెట్టాను. "కొంచెం నయం. కానీ లోపలంతా ఎర్రగా మండుతోంది, తియ్యి."

చివరికి గేట్లకి వేసే నలుపు పెట్టాను. ఆవిడ మాట్లాడలేదు. కాసేపు చూసి, "ఏం, నిద్రపోయావా?" అన్నాను.

"నువ్వు పెడతావేమోనని చూస్తున్నా."

"పెట్టి ఎంతసేపో అయింది."

ఆవిడ లేచి కూచుంది. పలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. గేట్ల నలుపుకి మెరుపుంటుంది, కదిలిస్తే ఒక మూల తళుక్కుమంటోంది. "ఇదే, కానీ మెరవకూడదు" అంది. "కళ్లు మూసుకున్నా కనిపించే రంగు నాకొద్దక్కా. తెరిచి చూసేవాళ్ల కోసం కాదు నా గది."

మరిదిని అడిగితే నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. నలుపు గేట్లకీ కిటికీ ఊచలకీ వేసేదన్నాడు. పడకగదికి నలుపు కలిపిచ్చాడని తెలిస్తే బజార్లో తన పరువు గంగలో కలుస్తుందన్నాడు. తను ఛస్తే కలపనన్నాడు. ఆవిడ వాదించలేదు. "సరే, ఇంట్లో మనిషిగా అడిగితే కలపరన్నమాట" అని ఊరుకుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మర్నాడు పని నుంచి వస్తూ ఒక పాత ట్రే చంకలో పెట్టుకొచ్చింది. కాలి కాలి అడుగు మసిబారి, నలుపూ కాదు గోధుమా కాదు, రెండూ కలిసి మెరుపు చచ్చిపోయిన రంగు. "పదక్కా, షాపింగు" అంది. నేను చీర కూడా మార్చుకోలేదు, తాళాలు అత్తగారి చేతిలో పెట్టి బయల్దేరాను.

షాపులో నా మరిది ఒక కొత్త జంటకి షేడు కార్డు పరిచి, మనసు నెమ్మదించాలండీ అన్న పాఠంలో ఉన్నాడు. మమ్మల్ని చూసి మాట మింగేశాడు. షాపు యజమాని వెనక కుర్చీలో కూచుని లెక్కలేవో చూసుకుంటున్నాడు. ఆవిడ వరసలో నిలబడింది. ఆ జంట పక్కకి జరిగాక, ట్రే తీసి కౌంటరు మీద దభీమని పెట్టింది.

"ఏమండీ, ఈ రంగు కావాలి. మెరుపు లేకుండా."

"దేనికి?" అన్నాడు అతను, గొంతు తగ్గించి.

"పడకగదికి."

"పడకగదికి ఇది పనికిరాదు" అని, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి "మేడం" అని చేర్చాడు.

"పడుకునేది నేనండీ."

అతనికి ఉక్రోషం వచ్చింది, షాపన్న సంగతి మర్చిపోయాడు. "నేనూ పడుకుంటానుగా ఆ గదిలో! నాకు ఇష్టాయిష్టాలుండవా?"

"మీరు రాత్రి పడుకుంటారు. లైటు తీసేశాక మీ లేత నీలం ఏ రంగులో ఉంటుందో ఎప్పుడైనా చూశారా?"

అతను షేడు కార్డు మడతపెట్టి, మళ్లీ విప్పాడు. కొత్త పెళ్లికూతురు ఫక్కున నవ్వి, మొగుడు చూసేసరికి చేత్తో నోరు మూసుకుంది. వెనక కుర్చీలోంచి షాపు యజమాని తలెత్తాడు. "ఏంటయ్యా ఆలోచిస్తున్నావు? ఆవిడ కొనడానికొచ్చింది, నువ్వు అమ్మడానికున్నావు. కలుపు."

"సార్, ఆవిడ మా..."

"ఎవరైతేనేం? కలుపు."

కలిపాడు. ఆ ట్రే అడుగుని దగ్గరగా పెట్టుకుని, కళ్లు చికిలించి చూసుకుంటూ, కాస్త నలుపు, కాస్త ఎరుపు, మళ్లీ కాస్త నలుపు. ఎంత కోపంలో ఉన్నా చేతిపని చెడగొట్టలేదు. డబ్బా మిషన్లో గడగడా ఊగినంతసేపూ మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూత మీద సుత్తి దెబ్బలు మాత్రం మరీ గట్టిగా కొట్టాడు.

ఆవిడ సెలవు రోజున ఇద్దరం కొంగులు బిగించాం. ముదురు రంగు వెయ్యడం అంత తేలికేం కాదు. మొదటి పూతకి నీలం లోపల్నుంచి తొంగిచూసి గోడ దెబ్బలు తిన్నట్టుంది. రెండో పూతకి రోలరు చారలు పడ్డాయి. మూడోదానికి గాని గోడ ఒప్పుకోలేదు. పైకప్పైనా తెల్లగా వదులు, మరీ బావిలో ఉన్నట్టుంటుందన్నాను. "మూత తీసిపెట్టి చీకటి రమ్మంటే వస్తుందా?" అని కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కింది. రంగు బొట్లు ఆవిడ కనుబొమల మీద పడ్డాయి. మొదటిసారి ఆ కనుబొమలు నల్లగా చూశాను.

మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి గుండెల మీద చెయ్యేసుకున్నారు. "ఇది పడకగదా, బొగ్గుల కొట్టా? చూసేవాళ్లు ఏమనుకుంటారే?"

"చూసేవాళ్లు చూసి వెళ్లిపోతారత్తయ్యా" అంది ఆవిడ, పైనుంచి దిగకుండానే.

మరిది అలిగి రెండు రాత్రులు ముందుగదిలో పడుకున్నాడు. దోమలు అతన్ని బుజ్జగించి మళ్లీ గదిలోకి పంపాయి. ఆ చీకట్లో మంచం కోడుకి బొటనవేలు తగిలిందని వారం పాటు కుంటుతూ తిరిగాడు, అవసరానికన్నా కాస్త ఎక్కువే కుంటాడని నా నమ్మకం. వాళ్లిద్దరి మధ్యా మాటలు మాత్రం నెమ్మదిగా మళ్లీ మొదలయ్యాయి. ఒకరు వచ్చే వేళకి ఒకరు వెళ్లే సంసారంలో అలకలకి టైమెక్కడుంటుంది?

రంగు ఆరిన మొదటి రోజు ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఒక గంట గడిచింది, అలికిడి లేదు. ఎప్పుడూ ఈపాటికి లేచి నీళ్లకో దేనికో వచ్చేది. మధ్యాహ్నమైంది. మా అత్తగారు రెండుసార్లు ఆ తలుపు దాకా వెళ్లి వచ్చి, చివరికి నా దగ్గరికొచ్చి గుసగుసగా అడిగారు. "ఉందంటావా?"

నేను తలుపు సందు దగ్గర చెవి పెట్టాను. గురక వినిపించింది. అంత చిన్న మనిషిలోంచి అంత గురక ఎలా వస్తోందో! నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఎందుకొచ్చాయో చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆ ఇంట్లో ఒక ఆడది తనకి కావలసింది అడిగి, ఇవ్వకపోతే వెళ్లి తెచ్చుకుని, దానిలో హాయిగా పడుకుంది. నేనెప్పుడూ చెయ్యని పని అది. నాకు గర్వంగానూ ఉంది, కుళ్లుగానూ ఉంది.

సాయంత్రం లేచి వచ్చిన మనిషి మొహం వేరే. ఆకలి, ఆకలి అంటూ వంటింటి మీద పడింది.

నెలాఖరు దాకా బట్టీ దగ్గర ఒక్క పొరపాటు జరగలేదు. పెద్ద మాస్టరు వెళ్లిపోతూ, రొట్టెలు లోపలికి తోసే పొడుగు తెడ్డు ఆవిడ చేతికిచ్చి, ఇంకెవరికీ ఇవ్వకు తల్లీ అన్నాడట. యజమాని కూడా సరేనన్నాడు. ఆ రాత్రినుంచే బట్టీ ఆవిడది. పొద్దున వచ్చి ఈ కబురు చెప్పి, "ఇవాళ నన్ను ఎవరూ కదపొద్దక్కా. రాత్రి తల తిరిగిందంటే అందరూ నావైపే చూస్తారు" అని తలుపేసుకుంది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే మా అత్తగారి చెల్లెలు దిగింది, కొత్త వియ్యపురాలిని వెంటబెట్టుకుని. పిలవకుండా వచ్చేవాళ్లకి వేళలుండవు కదా. టీలయ్యాయి, వాళ్ల ఆరోగ్యాలయ్యాయి. "చిన్నకోడలు కనపడదేం?" అంది పిన్నిగారు.

"దానికి ఒంట్లో బాగోలేదమ్మా" అన్నారు మా అత్తగారు తడుముకోకుండా.

తడుముకోవలసిన అవసరం లేదు, ఆ మాట ఆవిడకి నోటికొచ్చు. ఇన్నేళ్లుగా పగటిపూట ఎవరొచ్చినా ఇదే జవాబు. కోడలు పట్టపగలు పడుకుందని చెప్పడం కన్నా రోగిష్టిదని చెప్పడం ఆవిడకి మర్యాదగా తోచింది. మా చుట్టాల్లో సగంమంది మా తోటికోడలికి ఏదో నయంకాని జబ్బు అనుకుంటారు. నాకు ఆవేళ చిర్రెత్తుకొచ్చింది.

"ఒంట్లో బాగానే ఉంది పిన్నిగారూ. పడుకుంది. రాత్రి పనికి వెళ్లాలి" అన్నాను.

"పట్టపగలా?" అంది వియ్యపురాలు, బుగ్గన వేలేసుకుని.

"అవునండీ, పట్టపగలే."

మా అత్తగారు నావైపు చూసిన చూపుకి వేరేవాళ్లైతే మాడిపోయేవారు. పిన్నిగారు ఊరుకునే రకమా? "అయ్యో, ఒకసారి పలకరించి పోతాం, మళ్లీ ఎప్పుడొస్తామో" అంటూ లేచి చరచరా వెనక గదివైపు నడిచింది. వియ్యపురాలు ఆవిడ వెనక, మా అత్తగారు వియ్యపురాలి వెనక. నేను అడ్డం పడేలోపే పిన్నిగారు తలుపు బార్లా తోసేసింది.

వెలుతురు సూటిగా మంచం మీద పడింది. పిన్నిగారు ఆ నల్ల గోడల్ని చూసి "ఇదేం గదే తల్లీ!" అని అక్కడే నిలబడిపోయింది.

దుప్పటి కదిలింది. జుట్టు చెదిరిపోయి, ఒక చెంప మీద దిండు ముడతలు పడి, మా రొట్టెలావిడ మోచేతి మీద సగం లేచింది. కోపంగా లేదు, కంగారుగా లేదు. ఎవరొచ్చారో ఒక్కొక్కరినీ చూసుకుంది.

"బావున్నారా పిన్నిగారూ?"

"మేం బావున్నాం గాని, నీకేమైందమ్మా? మీ అత్త ఒంట్లో బాగోలేదంటుంది, మీ అక్కేమో పట్టపగలు పడుకుందంటుంది."

"గుండ్రాయిలా ఉన్నానండీ. పట్టపగలే పడుకున్నాను. రాత్రంతా మీరందరూ పడుకుంటారు, నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా?" అంది. అని మళ్లీ తల దిండు మీద వాల్చి, కళ్లు మూసుకుంది. "అత్తయ్యా, తలుపెయ్యండి."

మా అత్తగారు చెల్లెలి భుజం పట్టి ఇవతలికి లాగి, చప్పుడు కాకుండా తలుపేశారు.